చూపుకు సుంకం: భూటాన్ యాత్రలో ఒక ధర్మసందేహం

భూటాన్‌కు వెళ్లే విదేశీ యాత్రికుడు అక్కడ గడిపే ప్రతి రాత్రికీ ప్రభుత్వానికి 100 అమెరికన్ డాలర్లు చెల్లించాలి. భారతీయుడైతే 1,200 రూపాయలు. గది అద్దె, భోజనం, వాహనం, గైడు ఖర్చులు ఇందులో కలవవు. ఈ సొమ్ముకు సుస్థిర అభివృద్ధి రుసుము అని పేరు. ఇది కట్టినవాడి చేతికి వచ్చే వస్తువేమీ లేదు. ఆ దేశంలో ఉండనిచ్చినందుకు, దాని కొండలూ అడవులూ చూడనిచ్చినందుకు ఇచ్చేది ఇది. పర్యావరణానికి చేటు చేయని పర్యాటకానికి ఇంతకన్నా మంచి దారి లేదని మెచ్చుకునేవారున్నారు. ఉన్నవాళ్లకే తలుపు తీసే పద్ధతి ఇదని తప్పుపట్టేవారూ ఉన్నారు. ఇరుపక్షాలూ లెక్కలు ముందుపెట్టుకునే వాదిస్తాయి గాని, అసలు చిక్కు లెక్కల్లో లేదు. ఒక చోటును వెళ్లి చూసే హక్కు ప్రతి మనిషికీ ఉందా? ఉంటే దానికి హద్దు గీసే అధికారం ఎవరిది? ఆ హద్దును డబ్బుతో గీయవచ్చా? బౌద్ధాన్ని తన ఆధ్యాత్మిక వారసత్వంగా రాజ్యాంగంలోనే రాసుకున్న దేశం కనుక, భూటాన్ విషయంలో ఈ ప్రశ్నలు ధర్మశాస్త్రం గుమ్మం తొక్కక తప్పదు.

ఉత్తరాన టిబెట్‌కూ దక్షిణాన అస్సాం, పశ్చిమ బెంగాల్‌లకూ నడుమ ఉన్న ఈ రాజ్యం విస్తీర్ణం 38,394 చదరపు కిలోమీటర్లు. జనాభా ఎనిమిది లక్షల లోపు. 1960ల మొదటి వరకూ మోటారు బండి నడిచే రోడ్డు కూడా లేదు. నాలుగో రాజు జిగ్మే సింగ్యే వాంగ్‌చుక్ పట్టాభిషేకం జరిగిన 1974లో విదేశీ పర్యాటకులను రానివ్వడం మొదలైంది. ఆ ఏడు వచ్చినవారు మూడు వందల మంది కూడా లేరు. కాఠ్మాండూ వీధులు పాశ్చాత్య హిప్పీలతో కిక్కిరిసి ఉన్న కాలమది. పొరుగు నగరం ఎలా మారిపోతోందో చూడటానికి భూటాన్ పాలకులు దూరం వెళ్లనక్కరలేదు. తక్కువమంది రావాలి, వచ్చినవారు ఎక్కువ ఖర్చుపెట్టాలి అన్న సూత్రం అప్పుడే కుదురుకుంది. 1983లో పారో లోయలో విమానాశ్రయం తెరుచుకున్నాక కూడా ఆ సూత్రం మారలేదు. విదేశీయుడు రోజుకు కనీసం 200 నుంచి 250 డాలర్ల ప్యాకేజీ కొనాలి, అందులో 65 డాలర్లు ప్రభుత్వానికి పోవాలి అన్న నియమం చాలా ఏళ్లు నడిచింది. భారత్, బంగ్లాదేశ్, మాల్దీవుల వారికి ఆ నియమం వర్తించేది కాదు. దాంతో 2019 నాటికి ఏడాదికి మూడు లక్షల పైచిలుకు జనం వచ్చారు, అత్యధికులు భారతీయులే. కరోనా కాలంలో రెండున్నరేళ్లు మూసి ఉంచిన సరిహద్దును 2022 సెప్టెంబరు 23న తెరిచినప్పుడు ప్యాకేజీ పోయింది, రుసుము ఒక్కసారిగా 200 డాలర్లయింది, భారతీయులకూ 1,200 రూపాయలు పడింది. ఏడాది తిరగకముందే 200 డాలర్లు సగమైంది. ఈ తగ్గింపు 2027 ఆగస్టు 31 వరకేనని ప్రకటించారు.

చరిత్ర ఇంతే. ఈ హద్దుకు వేళ్లు మాత్రం 1974 కన్నా చాలా లోతున ఉన్నాయి. భూటాన్ పల్లెల్లో కొండకో దైవం, మడుగుకో దైవం, పాత చెట్టుకూ పెద్ద బండకూ ఒక్కో దైవం ఉంటారు. మడుగులో చెత్త వేసినా, కొండమీద గోల చేసినా, నిప్పులో మాంసం మాడిన కంపు లేచినా ఆ దైవం నొచ్చుకుంటుందనీ, వడగళ్లు కురిసి పంట పోతుందనీ, మందలో పశువులకు జబ్బు చేస్తుందనీ జనం నమ్మకం. బౌద్ధానికి ముందునుంచీ ఉన్న ఈ దైవాలను బౌద్ధం తరిమేయలేదు. ఎనిమిదో శతాబ్దంలో వచ్చిన గురు పద్మసంభవుడు వాటిని లొంగదీసి, ధర్మానికి కావలి కాస్తామని ప్రమాణం చేయించాడని సంప్రదాయం. ఈ కథలో తత్త్వం చూసేవారు గమనించవలసిన సంగతి ఒకటుంది. బౌద్ధం కొండకు నిత్యమైన ఆత్మ ఉందని ఒప్పుకోదు, ఆ మాటకొస్తే మనిషికి ఉందనీ ఒప్పుకోదు. కొండ దైవం కూడా సంసారచక్రంలో చిక్కుకుని తిరిగే ప్రాణే. కోపతాపాలు దానికీ ఉంటాయి. కనుక కొండ జోలికి పోకూడదన్న నియమం కొండ సొంత హక్కు నుంచి పుట్టింది కాదు. పక్కపక్కన బతికే రెండు రకాల ప్రాణుల మధ్య కుదిరిన ఒడంబడిక అది. ఆధునిక పర్యావరణ తత్త్వం ప్రకృతికి హక్కులు ఇవ్వాలా వద్దా అని తర్జనభర్జన పడుతుంటే, ఈ పల్లెలు హక్కుల ఊసే లేకుండా ఇరుగుపొరుగు మర్యాదతోనే పని జరుపుకున్నాయి.

గాంగ్ఖర్ ప్యూన్‌సుమ్ శిఖరం ఆ మర్యాద ఎంతవరకు వెళ్లగలదో చూపిస్తుంది. 7,570 మీటర్ల ఎత్తున్న ఈ శిఖరం ప్రపంచంలో మనిషి ఇంతవరకు ఎక్కని పర్వతాల్లో అన్నిటికన్నా ఎత్తైనది. 1983లో భూటాన్ పర్వతారోహణకు అనుమతి ఇచ్చిన తరువాత 1985, 1986లలో జట్లు వచ్చి ప్రయత్నించి వెనుదిరిగాయి. 1994లో ఆరు వేల మీటర్లకు పైబడిన శిఖరాలు ఎక్కడాన్ని ప్రభుత్వం నిషేధించింది. స్థానికుల నమ్మకాలను గౌరవించడమే దానికి చెప్పిన కారణం. 2003లో పర్వతారోహణే మొత్తంగా నిషిద్ధమైంది. పక్కనున్న నేపాల్‌కు ఎవరెస్టు అనుమతుల మీద వచ్చే ఆదాయం ఎంతో లోకానికి తెలుసు. భూటాన్ ఆ ఆదాయం వద్దనుకుంది. ఎన్ని డాలర్లు కట్టినా గాంగ్ఖర్ ప్యూన్‌సుమ్ ఎక్కనివ్వరు. ఈ ఒక్క సంగతి రుసుము మీద జరిగే వాదాన్నే మార్చివేస్తుంది. అన్నిటికీ వెల కట్టిన చోట రుసుము అమ్మకపు ధర అవుతుంది. అమ్మనిది ఒకటి ఉన్న చోట దాన్ని అమ్మకం అనేముందు కాస్త ఆగవలసి వస్తుంది.

సిక్కిం, నేపాల్ సరిహద్దులోని కాంచన్‌జంగ మీద మర్యాద ఇంకో తీరుగా నడిచింది. 1955లో మొదటిసారి దాన్ని ఎక్కిన బ్రిటిష్ ఆరోహకులు జార్జ్ బ్యాండ్, జో బ్రౌన్, సిక్కిం రాజుకు ఇచ్చిన మాట ప్రకారం శిఖరాగ్రానికి కొన్ని అడుగుల కిందే ఆగిపోయారు. తరువాత ఎక్కినవారిలో చాలామంది ఆ ఆనవాయితీ పాటించారు. ఇక్కడ హద్దు మనిషి మాట మీద నిలిచింది, అక్కడ చట్టం మీద నిలిచింది. మాట నిలబెట్టుకోవడం గొప్పదే. కాని లక్షల మంది ప్రయాణం చేసే కాలంలో అందరి మాటనూ నమ్ముకోవడం కుదరదు గనుకే భూటాన్ చట్టం చేసుకుందనుకోవాలి.

టిబెట్ బౌద్ధంలో, ముఖ్యంగా ఞింగ్మా శాఖలో, బేయుల్ అనే భావన ఉంది. ధర్మానికి ఆపద వచ్చినప్పుడు జనం తలదాచుకోవడానికి పద్మసంభవుడు హిమాలయాల్లో కొన్ని లోయలను దాచి ఉంచాడనీ, తగిన కాలంలో తగిన గురువు వచ్చి వాటి దారి తెరుస్తాడనీ నమ్మకం. సిక్కింనూ, నేపాల్‌లోని యోల్మోనూ, భూటాన్ ఉత్తరాన ఉన్న ఖెన్‌పాజోంగ్‌నూ అలాంటి లోయలుగా చెబుతారు. అక్కడికి చేరడానికి కాళ్ల బలం ఒక్కటే చాలదు. పుణ్యం, గురువు మీద విశ్వాసం, మనసు శుద్ధి కావాలి. అవి లేనివాడు ఆ లోయలోనే నిలబడినా వాడికి కనిపించేది రాళ్లూ మంచూ మాత్రమే. చోటు ఒకటే అయినా చూసేవాడిని బట్టి కనిపించేది మారుతుందన్నది దీని సారం. మనసుకూ లోకానికీ విడదీయరాని సంబంధం ఉందన్న మహాయాన చింతనకు ఇది భూగోళ రూపం. యాత్రకు అర్హత ఇక్కడ యాత్రికుడి లోపల ఉంటుంది. వీసా కాగితం మీద రాయగలిగిన అర్హత కాదది. అందుకే ఆధునిక రాజ్యానికి ఇది ఎందుకూ పనికిరాదు. ఏ అధికారీ సరిహద్దు దగ్గర కూర్చుని వచ్చినవారి మనశ్శుద్ధిని తూచలేడు.

తూచగలిగే కొలతల్లో న్యాయమైనది ఏదో తేల్చుకోవాలి. అమెరికన్ జీవశాస్త్రవేత్త గారెట్ హార్డిన్ 1968లో రాసిన ఉమ్మడి వనరుల విషాదం అనే ప్రసిద్ధ వ్యాసంలో జాతీయ ఉద్యానాల ప్రస్తావన ఉంది. యోసెమిటీ లోయ పెరగదు, జనం పెరుగుతారు, అందరినీ రానిస్తే వెతుక్కుంటూ వచ్చిన అందమే మిగలదు అన్నది అతని వాదం. వేలం పెట్టి ఉన్నవారికి ఇవ్వడం, ఏదో ఒక యోగ్యతను బట్టి ఇవ్వడం, లాటరీ తీయడం, ముందు వచ్చినవారికి ముందు ఇవ్వడం అనే దారులు అతను వరసగా చెప్పి, అన్నీ అభ్యంతరకరమైనవే అయినా ఏదో ఒకటి ఎంచుకోక తప్పదన్నాడు. తెలుగువారికి ఈ జాబితా ఏమంత కొత్త కాదు. తిరుమల కొండమీద అన్నీ ఒకేసారి అమల్లో ఉన్నాయి. సర్వదర్శనం క్యూలో ముందు వచ్చినవారిది ముందు. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనానికీ ఇంకా పెద్ద విరాళాల దర్శనాలకూ డబ్బు. ఆర్జిత సేవలకు ఎలక్ట్రానిక్ డిప్. అలిపిరి, శ్రీవారి మెట్టు దారుల్లో కాలినడకన ఎక్కినవారికి దివ్యదర్శనం టోకెన్లు. నడక యోగ్యత కాకపోతే మరేమిటి? కైలాస మానససరోవర యాత్రకు భారత విదేశాంగ శాఖ దరఖాస్తులు తీసుకుని కంప్యూటర్ డ్రాలోనే పేర్లు తీస్తుంది. ఇన్ని దారులుండగా భూటాన్ డబ్బును ఎంచుకుంది. వీటన్నిటిలో అమలు చేయడానికి తేలికైనదీ, సమర్థించడానికి కష్టమైనదీ అదే.

బౌద్ధ రాజనీతి సంప్రదాయం నుంచి చూస్తే ఆ కష్టం మరింత తేటపడుతుంది. అశోకుడు బాటల వెంట చెట్లు నాటించి, బావులు తవ్వించి, బాటసారులకు విడుదులు కట్టించానని శాసనాల్లో చెప్పుకున్నాడు. నాగార్జునుడు ఒక శాతవాహన రాజుకు ఉపదేశంగా రాశాడని సంప్రదాయం చెప్పే రత్నావళిలో కూడా బాటసారులకు సత్రాలు, నీళ్లు లేని దారుల్లో చలివేంద్రాలు, రోగులకు మందులు, చివరికి చీమల పుట్టల దగ్గర ఆహారం ఏర్పాటు చేయమని రాజుకు సలహా ఉంది. నాగార్జునకొండ పేరును తెలుగునేలకు ఇచ్చిన ఆ ఆచార్యుడి మాధ్యమిక దర్శనాన్ని భూటాన్ ఆరామాల్లో భిక్షువులు నేటికీ పాఠంగా చదువుతారు. ప్రయాణికుడికి రాజు ఉచితంగా నీడ ఇవ్వాలన్న సంప్రదాయానికి వారసుడైన రాజ్యం ప్రయాణికుడి దగ్గర రాత్రికింతని వసూలు చేయడం మొదటి చూపుకు విడ్డూరంగా ఉంటుంది.

విడ్డూరం కొంత తగ్గాలంటే ఆ ప్రయాణికుడూ ఈ ప్రయాణికుడూ ఒకరు కారని గుర్తించాలి. అశోకుడి బాట మీద నడిచినవాడు వర్తకుడు, భిక్షువు, పొట్టచేతపట్టుకు పోయే కూలీ, లేదా మొక్కు తీర్చుకోబోయే భక్తుడు. దారి తప్పనిసరై నడిచాడు, నీళ్లు దొరక్కపోతే చచ్చిపోతాడు. పారోలో విమానం దిగేవాడికి అక్కడికి రాకపోతే పోయేదేమీ లేదు, ఒక కోరిక తీరకుండా మిగిలిపోవడం తప్ప. అవసరంలో ఉన్నవాడికి ఆశ్రయం ఇవ్వడం ధర్మం. కోరికతో వచ్చినవాడి పట్ల ఆ ధర్మం అంతే బరువుతో నిలవదు. జర్మన్ తత్త్వవేత్త కాంట్ 1795లో శాశ్వత శాంతి గురించి రాసిన గ్రంథంలో ఇదే గీత వేరే చోట గీశాడు. భూమి గుండ్రం కనుక మనుషులు ఒకరికొకరు ఎదురుపడక తప్పదు, అందుచేత పరాయి నేలకు వెళ్లి పలకరించే హక్కు అందరికీ ఉంది గాని అక్కడ అతిథిగా ఉండిపోయే హక్కు లేదన్నాడు. ఐరోపావారి రాకపోకలకు చైనా, జపాన్ హద్దులు పెట్టడం వివేకమేనని కూడా అన్నాడు. అతని మనసులో ఉన్నది వలస దోపిడీ. ఇప్పుడు వచ్చేవాడి చేతిలో తుపాకి లేదు, కెమెరా ఉంది. అయినా వచ్చిన చోటును మార్చివేయగల శక్తి అతనిలోనూ తక్కువేమీ కాదు.

కాబట్టి హద్దు న్యాయమే అనుకుందాం. అది డబ్బు రూపంలో ఉండటం మాటేమిటి? బౌద్ధం కర్మను చేతనను బట్టి, అంటే పని వెనకున్న సంకల్పాన్ని బట్టి నిర్ణయిస్తుంది. ఒకే 100 డాలర్లు రెండు సంకల్పాలతో చేయి మారవచ్చు. నేను ఇక్కడికి రావడం వల్ల నీళ్లు ఖర్చవుతాయి, కట్టెలు ఖర్చవుతాయి, దారి అరుగుతుంది, ఆ నష్టంలో నా వాటా ఇది అని ఇచ్చేవాడు బాకీ తీర్చుకుంటున్నాడు. డబ్బు కట్టాను కనుక ఈ దేశం నాకు ఇంత ఇవ్వాలి అనుకునేవాడు సరుకు కొంటున్నాడు. హోటలు వ్యాపారం అనుభవమంతా చెప్పేది ఏమిటంటే, ఎక్కువ చెల్లించినవాడు ఎక్కువ కోరతాడు. కొండమీద వేడినీళ్ల తొట్టి, చలికాలం రాత్రంతా వెచ్చని గది, విమానంలో వచ్చిన కూరగాయలు అతని కోరికల్లోకి చేరతాయి. తలల సంఖ్య తగ్గించిన రుసుము ఒక్కో తల బరువు పెంచవచ్చు. ప్రభుత్వాలు ఎంతమంది వచ్చారన్నదే లెక్కపెడతాయి, ఈ బరువును లెక్కపెట్టవు. ఇది రుసుము విధానంలో అందరూ చూసే లోపం కాదు గాని, ధనికులకే అవకాశం అన్న లోపం కన్నా ఇదే పెద్దది.

ధనికులకే అవకాశం అన్న ఆక్షేపణకు భూటాన్ దగ్గర ఒక జవాబు ఉంది. 2008 రాజ్యాంగం ప్రకారం పౌరులకు పదో తరగతి వరకూ చదువు, ప్రాథమిక వైద్యం ఉచితం. రుసుము సొమ్ము ఇలాంటి ప్రజాసేవలకూ పర్యావరణ పనులకూ వెళుతుందని ప్రభుత్వం చెబుతుంది. దూరదేశపు మధ్యతరగతి మనిషి భూటాన్ చూడలేకపోవడం ఒక అన్యాయమైతే, భూటాన్ పల్లెలో ఆసుపత్రి లేకపోవడం అంతకన్నా పెద్ద అన్యాయం. ఇందులో ఏది ముందు అన్నదానికి సమాధానం వెతుక్కోనక్కరలేదు. కాని ఆసుపత్రికి డబ్బు కావాలంటే యాత్రికులు ఎక్కువ రావాలి, లోయ ప్రశాంతంగా ఉండాలంటే తక్కువ రావాలి. ఒకే రుసుముకు రెండు పనులూ అప్పగించారు. 200 డాలర్లను 100 చేసింది మొదటి పని బరువే. ఖాళీ హోటళ్ల యజమానులూ పనిలేని గైడులూ పడుతున్న బాధను ప్రభుత్వం చూడక తప్పలేదు.

ఈ రెండు పనులూ ఒక చోట ఎలా ఇముడుతాయో ఫోబ్జిఖా లోయలో చూడవచ్చు. చిత్తడిగా ఉండే ఈ వెడల్పాటి లోయకు అక్టోబరు చివర, నవంబరు మొదట్లో టిబెట్ పీఠభూమి నుంచి నల్లమెడ కొంగలు వస్తాయి, ఫిబ్రవరి, మార్చి దాకా ఉంటాయి. లోయకు ఎగువన గుట్టమీద గాంగ్‌టే బౌద్ధ ఆరామం ఉంది. వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ కొంగలు దాని చుట్టూ మూడుసార్లు ప్రదక్షిణ చేస్తాయని అక్కడివారు అంటారు. లోయకు కరెంటు తీసుకురావలసి వచ్చినప్పుడు స్తంభాలు పాతి తీగలు లాగితే ఎగిరే కొంగలు తగులుకుంటాయని తీగలను భూమిలోంచి వేశారు. 1987లో ఏర్పడిన రాయల్ సొసైటీ ఫర్ ప్రొటెక్షన్ ఆఫ్ నేచర్ ఇక్కడ ఏళ్ల తరబడి పనిచేస్తోంది. ఏటా నవంబరు 11న ఆరామం ముంగిట్లో కొంగల పండుగ జరుగుతుంది. బడిపిల్లలు కొంగల వేషం కట్టి ఆడతారు. యాత్రికులకు కొందరు రైతులు ఇళ్లలోనే బస ఇస్తున్నారు. ఇదంతా వినడానికి బాగుంటుంది గాని ఈ రైతులకు బంగాళాదుంపే ప్రధానమైన పంట, ఆ పంటకు కావలసిన నేలా కొంగలు దిగే చిత్తడి నేలా పక్కపక్కనే ఉన్నాయి. చిత్తడిని ఎండగట్టి దుంపలు వేసుకుంటే ఆదాయం పెరుగుతుంది. ఆ ఆశను రైతు అణచుకోవడానికి కొంగ పవిత్రమైనదన్న నమ్మకం ఒక కారణమైతే, కొంగను చూడటానికి వచ్చే అతిథి ఇచ్చే డబ్బు రెండో కారణం. నమ్మకం ఒక్కటే చాలితే డబ్బు అక్కరలేదు. డబ్బు ఒక్కటే చాలితే, దుంప ధర పెరిగిన ఏడు కొంగకు చోటుండదు. యాత్రికుడు వచ్చి ఆ రెంటిలో దేన్ని బలపరుస్తున్నాడన్నదే ఫోబ్జిఖా ముందున్న అసలు ప్రశ్న. కొంగలను చూడాలని పొలంలోకి దిగి వాటిని లేపేసే ఫొటోగ్రాఫరు, రెంటిలో దేనికీ మేలు చేయడు.

ఈ ఆలోచనలన్నిటికీ భూటాన్ స్థూల జాతీయ ఆనందం అనే గొడుగు పట్టింది. నాలుగో రాజు 1970ల్లో అన్న మాటగా ఇది మొదలై, తరువాత సుస్థిరమైన, సమానమైన అభివృద్ధి, పర్యావరణ రక్షణ, సంస్కృతి పరిరక్షణ, సుపరిపాలన అనే నాలుగు స్తంభాలుగా రూపు దిద్దుకుంది. ఆపైన తొమ్మిది రంగాల్లో 33 సూచికలతో కొలిచే పద్ధతి వచ్చింది. అందులో మనిషి తన కాలాన్ని ఎలా గడుపుతున్నాడన్నది కూడా ఒక రంగం. ఎంత నిద్రపోతున్నాడో లెక్కపెట్టే ప్రభుత్వాన్ని చూస్తే ముచ్చటేస్తుంది. అయితే ఈ గొడుగు కిందకు అందరూ రాలేదన్నది చరిత్ర. ఒకే జాతి, ఒకే ప్రజ అన్న విధానం పేరుతో 1980ల చివర, 1990ల మొదట్లో దక్షిణ భూటాన్‌లోని నేపాలీ మాట్లాడే ల్హోత్షాంపాలు పెద్దయెత్తున దేశం విడిచిపోవలసి వచ్చింది. లక్ష మంది దాకా నేపాల్ శరణార్థి శిబిరాల్లో ఏళ్ల తరబడి గడిపి, 2007 తరువాత అమెరికాకూ ఇతర దేశాలకూ తరలిపోయారు. వారిలో ఎక్కువమంది హిందువులు. ఒక సంస్కృతిని పరిరక్షించే ఉత్సాహం పక్కింటివాడిని పరాయివాడిగా చేసిన ఈ ఉదంతం యాత్రా కరపత్రాల్లో కనిపించదు. స్వచ్ఛమైన భూటాన్‌ను చూడాలని వచ్చే యాత్రికుడు, ఆ స్వచ్ఛత ఎలా తయారైందో అడగకుండా తిరిగి వెళ్లడం ధర్మమా అన్నది చిన్న ప్రశ్న కాదు. అడవి స్వచ్ఛత వేరు, సమాజం స్వచ్ఛత వేరు. రెంటినీ ఒకే మాటతో పొగడటం ప్రమాదం.

అడవి విషయంలో మాత్రం భూటాన్ మాట గట్టిది. దేశంలో కనీసం 60 శాతం నేల ఎప్పటికీ అడవిగానే ఉండాలని రాజ్యాంగంలో ఉంది. నేడు దాదాపు 70 శాతం ఉంది. ప్రతి పౌరుడూ ప్రకృతి సంపదకు రాబోయే తరాల తరఫున ధర్మకర్త అని కూడా అందులో రాసుకున్నారు. అడవులు పీల్చుకునే బొగ్గుపులుసు వాయువు దేశం వదిలేదానికన్నా ఎక్కువ. కరెంటు దాదాపు అంతా కొండవాగుల నుంచే. యాత్రికుడు ఈ లెక్కను చూసి, అడవి పీల్చుకునే దేశంలో సెలవు గడుపుతున్నాను కనుక తన ప్రయాణం నిర్దోషమని అనుకోవడం సులువు. అతను వచ్చిన విమానం పొగ ఆ లెక్కలో లేదు. అంతర్జాతీయ విమానయానం వాయువులను ఏ ఒక్క దేశం ఖాతాలోనూ కలపకూడదని అంతర్జాతీయ వాతావరణ లెక్కల పద్ధతి. ఐరోపా నుంచి వచ్చి వెళ్లే ఒక్క ప్రయాణికుడి వాటాకే టన్నుకు పైగా పడుతుంది. ప్రతీత్యసముత్పాదం, అంటే ఏదీ ఒంటరిగా పుట్టదు, ఒకదాన్ని ఆనుకుని ఒకటి పుడుతుంది అన్న సూత్రం బౌద్ధానికి మూలస్తంభం. ఆ సూత్రాన్ని నిజంగా పాటించేవాడు తన ప్రయాణం సరిహద్దు దగ్గర మొదలైందని చెప్పలేడు. హిమానీనదాలు కరిగి ఉత్తర భూటాన్ సరస్సులు ఉబ్బుతున్నాయి. 1994లో లుగ్గే సరస్సు గట్టు తెగి పునాఖా దాకా వరద వచ్చి ప్రాణాలు పోయాయి. మంచు కొండల్ని చూడాలన్న కోరికే మంచును కరిగించే పొగలో ఒక పాయ అవుతుంటే, రుసుము ఆ పొగను కడిగివేయదు. ఈ వాదాన్ని చివరంటా లాగితే ఎవరూ ఎక్కడికీ కదలకూడదని తేలుతుంది. బుద్ధుడు స్వయంగా నలభై అయిదేళ్లు ఊరూరా తిరిగినవాడు గనుక అంత దూరం లాగనక్కరలేదు. దూరం తగ్గించుకుని, వెళ్లిన చోట ఎక్కువ కాలం ఉండి, తక్కువసార్లు వెళ్లమనడం మాత్రం అతిశయం కాదు. ఆ లెక్కన సిలిగురి మీదుగా రోడ్డున ఫుంట్షోలింగ్ చేరే భారతీయ యాత్రికుడు, తనకు తెలియకుండానే, అందరికన్నా తేలికైన పాపం మోస్తున్నాడు. రాత్రికి 1,200 రూపాయలు తక్కువేమీ కాదని అతను గొణుక్కుంటే అది వేరే సంగతి.

దేశంలోపల కాలినడక తిరిగి ఊపిరి పోసుకోవడం ఇక్కడ చెప్పుకోదగింది. మోటారు రోడ్లు రాకముందు వార్తాహరులూ భిక్షువులూ వర్తకులూ నడిచిన పాత బాటను బాగుచేసి 2022లో ట్రాన్స్ భూటాన్ ట్రెయిల్ పేరుతో తెరిచారు. పడమటన హా నుంచి తూర్పున త్రాషిగాంగ్ వరకు 403 కిలోమీటర్లు. నడిచేవాడు పెద్ద హోటళ్లున్న పట్నాలను దాటి పల్లెల్లో ఆగుతాడు, అతని డబ్బు ఆ పల్లెల్లో ఆగుతుంది. పుణ్యక్షేత్రం చుట్టూ కాళ్లతో తిరగడమే పూజగా భావించే సంప్రదాయంలో నడక అంటే సౌకర్యం లేకపోవడం కాదు, అదే సాధన. పారో లోయ అంచున కొండచరియకు అతుక్కుని, సముద్రమట్టానికి మూడు వేల మీటర్ల పైన ఉన్న తక్త్సాంగ్ ఆరామానికీ కాళ్లే దారి. సగం దూరం వరకు గుర్రం ఎక్కవచ్చు, ఆపైన రాజైనా నడవవలసిందే. 1998లో కాలిపోయిన ఆ ఆరామాన్ని పాత తీరులోనే తిరిగి కట్టారు. గుమ్మం దగ్గర యాత్రికులు ఫోన్లూ కెమెరాలూ అప్పగించి లోపలికి వెళతారు. భూటాన్ గుడుల్లో ఎక్కడా లోపల ఫొటోలు తీయనివ్వరు. రాత్రికి 100 డాలర్లు కట్టినవాడికీ, 1,200 రూపాయలు కట్టినవాడికీ, పక్క ఊరి నుంచి నెయ్యి దీపం పెట్టడానికి వచ్చిన ముసలమ్మకూ ఆ గుమ్మం దగ్గర ఒకటే నియమం. డబ్బుతో గీసే హద్దు మీద వచ్చే ఆక్షేపణలేవీ దీనికి తగలవు. ఇది ఎవరినీ బయట నిలబెట్టదు, చూపును మూటగట్టి ఇంటికి పట్టుకుపోవడాన్ని మాత్రమే ఆపుతుంది.

రుసుము పరిమాణం ఏదైనా, అది నిలవడం దేశం ఆర్థిక స్థితి మీద ఆధారపడి ఉంది. చదువుకున్న యువత పెద్ద సంఖ్యలో ఆస్ట్రేలియాకు వలస పోతోంది; గుడికీ పొలానికీ బడికీ మనుషులు కరువవుతున్నారన్న ఆందోళన దేశమంతా వినిపిస్తోంది. ఈ పరిస్థితిలోనే 2023 డిసెంబరులో అయిదో రాజు జిగ్మే ఖేసర్ నామ్‌గ్యేల్ వాంగ్‌చుక్ అస్సాం సరిహద్దున ఉన్న గెలెఫూలో మైండ్‌ఫుల్‌నెస్ సిటీ పేరుతో కొత్త నగరాన్ని ప్రకటించారు. అంతర్జాతీయ విమానాశ్రయం అందులో భాగం. కొండల నడుమ ఇరుకైన పారోలో కొద్ది విమానాలే దిగగలవు గనుక రాకపోకలకు ఇంతకాలం ఎవరూ చట్టం చేయకుండానే ఒక పరిమితి ఉండేది. మైదానంలో పొడవైన రన్‌వే వచ్చాక ఆ పరిమితి పోతుంది, హద్దు భారమంతా రుసుము మీదే పడుతుంది. తగ్గించిన రుసుము గడువు అంతకుముందే, 2027 ఆగస్టులో తీరుతుంది. దాన్ని పెంచాలా, అలాగే ఉంచాలా, లేక తక్త్సాంగ్ గుమ్మం దగ్గరి నియమం లాంటివి మరికొన్ని దేశమంతటా పెట్టుకోవాలా అన్నది థింఫూలో చట్టం చేసేవారు తేల్చవలసి ఉంటుంది.